ఏమీ జరగని ఏప్రిల్ పదకొండు

స్కోఫీల్డ్స్

కేశవరావు అంకుల్‌కి, హరిప్రియ నమస్కారాలు.

మొన్న ఆనందరావుగారింట్లో వ్రతానికి పులిహోర వడ్డించింది నేనే, గుర్తుండే ఉంటుంది. మా కొత్త ఇల్లు పూర్తయింది. అద్దె ఇల్లు ఏప్రిల్ ఎండ్‌కి ఖాళీ చెయ్యాలి. హెలెన్స్‌బర్గ్ గుడి పంతులుగారు గృహప్రవేశానికి మూడు ముహూర్తాలిచ్చారు: ఏప్రిల్ పదకొండు, పద్ధెనిమిది, ఇరవై ఆరు. చిక్కేమిటంటే, కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు కుసుమగారు తెలుగు సంఘం పత్రికలో మీ ‘చరిత్రలో ఈ రోజు’ చదివి, అది కూడా పంచాంగంలో భాగమే అనుకుంటున్నారు. పద్ధెనిమిదిన ఏదైనా మంచి జరిగిందని మీరు రాసిస్తే ఒప్పుకుంటారట.

ఉంటాను,
హరిప్రియ

తా.క. చిన్న ముక్క చాలు అంకుల్.

* * *

పారమట్టా

చి.సౌ. హరిప్రియకు ఆశీస్సులు.

చరిత్ర మీద ఈ తరానికి ఆసక్తి కలగడం సంతోషం. పద్ధెనిమిది చాలా ప్రశాంతమైన రోజు. 1930లో ఆ రోజు లండన్ రేడియోలో వార్తలు చదివే ఆయన ‘ఈ రోజు వార్తలేమీ లేవు’ అని ఊరుకున్నాడు. మిగిలిన సమయమంతా పియానో వాయించారు.

ఇట్లు,
కేశవరావు

తా.క. సగం చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. 1906లో అదే రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చి, ఊరు రోజుల తరబడి తగలబడింది. ఇదంతా మీ వసంత ఆంటీ టైపు చేస్తోంది. అచ్చుతప్పులుంటే ఆమెవే.

* * *

స్కోఫీల్డ్స్

అంకుల్‌కి నమస్కారాలు.

పియానో వరకూ బానే ఉంది. అసలు సంగతి ఎప్పుడూ తా.క.లోనే ఉంటుందని మా అత్తగారి నమ్మకం. భూకంపం అనగానే కొత్త గోడల వంక చూసి పద్ధెనిమిది కొట్టేశారు. ఇరవై ఆరు సంగతి చెప్పండి, ప్లీజ్. మంచివే.

మీ
హరిప్రియ

* * *

పారమట్టా

చి.సౌ. హరిప్రియకు ఆశీస్సులు.

1964లో ఆ రోజు ఆఫ్రికాలో రెండు దేశాలు కలిసి ఒకటయ్యాయి. అదే టాంజానియా. అత్తాకోడళ్ళు కలిసి ఉండబోయే ఇంటికి ఇంతకంటె మంచి రోజు దొరకదు.

ఇట్లు,
కేశవరావు

తా.క. చెర్నోబిల్‌లో అణుకేంద్రం పేలింది ఆ రోజే. గణిత మేధావి రామానుజన్ పోయిందీ ఆ రోజే. మీ పిల్లల లెక్కలకు దీనివల్ల ఇబ్బందేమీ ఉండదు.

* * *

స్కోఫీల్డ్స్

అంకుల్‌కి నమస్కారాలు.

టాంజానియా మా అత్తగారికి బాగా నచ్చింది. చెర్నోబిల్ దగ్గర లేచి వెళ్ళిపోయారు. ఇక మిగిలింది పదకొండే. అదీ పోతే మేం సామానంతా కారులో పెట్టుకుని తిరగాలి. ఈసారి తా.క. రాయకండి అంకుల్, మీకు పుణ్యముంటుంది.

హరిప్రియ

* * *

పారమట్టా

చి.సౌ. హరిప్రియకు ఆశీస్సులు.

పదకొండు మహాత్మా ఫూలే పుట్టినరోజు. నిశ్చింతగా కానివ్వండి.

ఇట్లు,
కేశవరావు

తా.క. ఇది చెడ్డ వార్త కాదు కాబట్టే రాస్తున్నాను. ఇంగ్లండులో ఒక నిపుణుడు కోట్ల సంగతులు కంప్యూటరుకిచ్చి, 1900 తర్వాత అన్నిటికన్నా చప్పటి రోజు ఏదని అడిగాడు. 1954 ఏప్రిల్ 11 అని తేలింది.

* * *

స్కోఫీల్డ్స్

అంకుల్,

తా.క. వద్దన్నాను కదా. కంప్యూటర్ చెప్పిందంటే మా అత్తగారికి జాతకం చెప్పినట్టే. ‘ఫూలేగారు మహానుభావుడే, కాదన్ను. కానీ ఏమీ జరగని రోజు పాలు పొంగిస్తే ఆ ఇంట్లో ఇంకేం జరుగుతుందే’ అంటున్నారు. 1954లో ఆ రోజు ఒక్క మంచి పని జరిగిందని చూపించండి. నాకు ఏడుపొస్తోంది.

హరిప్రియ

* * *

పారమట్టా

చి.సౌ. హరిప్రియకు ఆశీస్సులు.

రెండు రోజులు వెతికాను. బెల్జియంలో ఎన్నికలు జరిగాయి. అంతే. ఆ రోజు పుట్టినవాళ్ళలో కూడా చెప్పుకోదగ్గవాళ్ళెవరూ లేరు. క్షమించు.

ఇట్లు,
కేశవరావు

* * *

పారమట్టా

చి.సౌ. హరిప్రియకు వసంత ఆంటీ దీవెనలు.

ఈ ఉత్తరం నాకు నేనుగా రాస్తున్నానమ్మా. ఆ రోజు పుట్టినవాళ్ళలో చెప్పుకోదగ్గవాళ్ళెవరూ లేరని ఆయన చెప్తుంటే టైపు చేసింది నేనే. 1954 ఏప్రిల్ పదకొండు, శ్రీరామనవమి నాడు, తెనాలిలో మా అమ్మమ్మగారింట్లో నేను పుట్టాను.

మా ఇంట్లో పుట్టినరోజులు తిథి ప్రకారమే. ఏటా నవమికి ఆయన నాకు చీర కొంటారు, వడపప్పు తింటారు. ఇంగ్లీషు తేదీ ఎప్పుడూ అడగలేదు. బళ్ళో మాస్టారు వేసిన జూలై ఒకటే పాస్‌పోర్టుకెక్కింది, దాన్నే నమ్మారు. ఊళ్ళో అందరి తేదీలూ చెప్పే మనిషి కదా, కాస్త బాధేసింది.

మీ అత్తగారికి చెప్పు, ఆ రోజు పుట్టిన మనిషి తనే వచ్చి పాలు పొంగిస్తుందని. స్మోక్ అలారం కింద మాత్రం పొయ్యి పెట్టకండి.

దీవెనలతో,
వసంత

తా.క. ఇది పంపేలోపే ఆయన చూశారు. రెండుసార్లు చదివారు. తర్వాత, కంప్యూటర్ పొరబడిందని పత్రికలో సవరణ వెయ్యాలి, టైపు చెయ్యమన్నారు. మీరే చేసుకోండి అన్నాను. పొద్దుట్నుంచీ ఒంటివేలితో కొడుతున్నారు. ఇప్పుడే నా పేరు దాకా వచ్చారు.