నలభై ఒకటో కిలోమీటరు దగ్గర పుచ్చిన దుంగలు

రైలుమార్గ ఆధునికీకరణ ప్రాంతీయ అధికారి గారి సముఖమునకు,
రొమేనియా దేశము, రెకితెని గ్రామ కాపురస్తుడు తిబేరియు హోద్రియా వ్రాసుకొను అర్జీ.
మార్చి 14, శనివారం.

అయ్యా,

విషయం: మా ఊరి దగ్గర రైలుమార్గమును తమరు బాగుచేసినందున కలిగిన కష్టము, దానిని వీలైనంత త్వరగా పాడుచేయించుట గురించి.

1. మా తాత పింతీలియె హోద్రియా తమ శాఖలోనే ముప్పై ఒక్క ఏళ్ళు కీమన్‌గా పట్టాలు తనిఖీ చేస్తూ వాటి వెంట నడిచి రిటైరయ్యారు. నలభై ఒకటో కిలోమీటరు దగ్గర పట్టాల కింది దుంగలు పుచ్చిపోయాయని, ఉద్యోగంలో ఉండగానూ దిగిపోయాకానూ కలిపి ఇరవై రెండు అర్జీలు పెట్టుకున్నారు. జవాబుగా తమరు '15' అని రాసిన పసుపుపచ్చ బోర్డు ఒకటి పాతించారు. అక్కడ రైలు గంటకు పదిహేను కిలోమీటర్లు మించరాదు. ఇరవై ఏళ్ళుగా మా ఊరికి స్టేషన్ అంటే ఆ బోర్డే.

2. మా హాల్టును తమరు అంతకుముందే ఎత్తివేశారు. అయినా రైలు పాకేది, మేం ఎక్కేవాళ్ళం. తాతకు మూత్రపిండాలు చెడిపోయాక వారానికి మూడుసార్లు పట్టణంలో డయాలిసిస్‌కు అలాగే వెళ్ళారు. డ్రైవరు నెకులాయ్ గారు, తాత కనబడితే పదిహేనును మూడు చేసేవారు. (ఆయన రిటైరయ్యారు కనుకనే పేరు రాస్తున్నాను. ఇక తమరు ఆయన్ని ఏమీ చేయలేరు.)

"ఏం అన్నా, ఇంకా ఉన్నావా?" అని కిటికీలోంచి అడిగేవారు.

"నీ డొక్కు బండి పోయాకేరా నేను పోయేది. ఆ టీసీని చెయ్యందించమను," అనేవారు తాత.

తమరు మార్గం బాగుచేసే పనులు జరిగినన్నాళ్ళూ రైళ్ళు ఇంకా మెల్లగా నడిచాయి. మాకది స్వర్ణయుగం.

3. గత నెల తమ నుంచి తాతకు ఉత్తరం వచ్చింది: 'తమ ఫిర్యాదు పరిష్కరించబడినది.' కింద సంతకం కూడా ఉంది. తాత దాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుని మరియమాత పటం పక్కన పెట్టించారు.

"చూశావురా తిబీ, నేను రాసినవి చదువుతున్నార్రా వాళ్ళు," అన్నారు.

4. ఈ నెల మూడున పూర్తి వేగంతో మొదటి రైలు వచ్చింది. ఆస్పత్రి సంచీతో ఇద్దరం నిలబడ్డాం. గంటకు నూట ఇరవై. తాత టోపీ ఎగిరి ముళ్ళకంపలో పడింది. నేను తమ తల్లిదండ్రులను సగౌరవంగా తలచుకున్నాను. తాత మాత్రం వంగి, పట్టాకు అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయారు.

"కుదుపే లేదురా. బాగా చేశారు."

5. రైలు ఆగే పై స్టేషన్ దాకా రోడ్డు పదకొండు కిలోమీటర్ల బురద. అంబులెన్సు వాళ్ళకు ఫోన్ చేస్తే, "రోడ్డేశాక చెయ్యి తమ్ముడూ, వస్తాం," అన్నారు. పొరుగింటి గుర్రబ్బండిలో పై స్టేషన్‌కు రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండోసారి తాత దారిలోనే తెలివి తప్పారు. గుర్రం వెనక్కి తిరిగి చూసి నిలబడిపోయింది. ఈ వ్యవహారం మొత్తంలో ఆయన్ను చూసి ఆగింది అదొక్కటే.

6. ఒక్క నిమిషం రైలు ఆపమని తమ కార్యాలయానికి వచ్చాను. గుమాస్తా గారు రికార్డు తీసి, అక్కడ ఎక్కిన ప్రయాణికులు ఇరవై ఏళ్ళలో సున్న అన్నారు.

"మరి మేమంతా ఎవరమండీ?"

"పై స్టేషన్ వాళ్ళు. మీ టిక్కెట్ల మీద అదే ఉందిగా."

నిజమే. లేని హాల్టు పేరు మీద ఏ టీసీ మాత్రం టిక్కెట్టు రాస్తాడు?

7. తాత ఆస్పత్రి మొహం చూసి ఆరు రోజులైంది. కాళ్ళు వాచి బూట్లు పట్టడం లేదు. అర్జీకి జవాబిచ్చే గడువు ముప్పై రోజులని తమ గోడ మీద రాసి ఉంది. డాక్టరు గారిచ్చిన గడువు అంత ఉదారంగా లేదు.

కనుక రైలును మా ఊరి దగ్గర ఒక్క నిమిషం ఆపించ ప్రార్థన. నిబంధనలు ఒప్పని పక్షమున, తీసేసిన తొమ్మిది పుచ్చు దుంగలనూ తిరిగి వేయించ ప్రార్థన. అవి మా కట్టెల కొట్టంలోనే ఉన్నాయి. ఐదు చలికాలం పొయ్యిలోకి పోయాయి, నాలుగు భద్రం. ఇరవై రెండు అర్జీలూ వాపసు తీసుకుంటున్నట్టు తాత చేత సంతకం పెట్టించబోయాను. "పుచ్చినవి పుచ్చినవే. అబద్ధం మీద సంతకం పెట్టను పో," అన్నారు.

ఇది తమరు చిత్తగించవలెను. ముప్పై రోజులు కాకమునుపే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తిబేరియు హోద్రియా

తా.క. ఇది మడిచి, గోందు కోసం కొట్టంలోకి వెళ్ళాను. తమ వాళ్ళు పీకి పారేస్తే తాత మోసుకొచ్చి దాచిన '15' బోర్డు అక్కడ లేదు. ఆయన అరుగు మీద కూర్చుని దానికి పసుపు రంగు వేస్తున్నారు. సోమవారం పొద్దుటి రైలుకు దాన్ని పట్టుకుని తానే పట్టాల మీదికి వెళ్తారట. టపాలో వేస్తే ఇది తమకు అప్పటికి అందదు, అందుకే నేనే తెచ్చి తమ తలుపు కింద సందులోంచి తోసి వెళ్తున్నాను. కొత్త డ్రైవరు గారికి దయచేసి ఒక్క మాట చెప్పించండి: నలభై ఒకటో కిలోమీటరు దగ్గర పట్టాల మధ్య బోర్డు కనిపిస్తే నమ్మమనండి. ముప్పై ఒక్క ఏళ్ళలో మా తాత తప్పు బోర్డు పెట్టింది లేదు. అది బరువైన బోర్డు, ఆయన చేతుల్లో ఇప్పుడు సత్తువ లేదు. రెండో వైపు నేను పట్టుకుంటాను.