స్వామి కోపం

తిరుపతి, 4 ఫిబ్రవరి 1946

కాలేజీకి వెళ్లాను. మా పిల్లవాడు గోవిందు పోయాక ఇదే మొదటిసారి. లాజిక్ క్లాసు, ఫిలాసఫీ క్లాసు, రెండూ తీసుకున్నాను. ఏం చెప్పానో గుర్తు లేదు. ఏడుపు రాలేదు. ఆకలి కూడా వేయలేదు.

6 ఫిబ్రవరి

మునిరత్నం అన్నం ముట్టడం లేదు. అత్త గురవమ్మ కూతుర్ని బతిమాలుతూనే ఉంది. పూటకింత మజ్జిగ, అంతే.

7 ఫిబ్రవరి, సాయంత్రం

కారణం ఇవాళ తెలిసింది. గోవిందు పుట్టువెంట్రుకలు కొండ మీద తీయిస్తామని మొక్కు. తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. మేనమామ ధనంజయ మిలిటరీలో, బర్మాలో ఉన్నాడు. యుద్ధం అయిపోయినా లీవు ఇవ్వలేదు. తమ్ముడు వచ్చేదాకా ఆగుదామన్నది మునిరత్నమే. మూడో ఏడు వచ్చినా వాడికి జడ వేసి కనకాంబరాలు పెట్టేది. ఆ జడతోనే టైఫాయిడ్‌లో పోయాడు.

మొక్కు ఆపినందుకు స్వామికి కోపం వచ్చిందట. అందుకే తీసుకుపోయాడట. పోనీ ఇప్పుడైనా కొండకు పోయి తప్పు చెల్లిద్దామంటే, ఏడాది మైల, ఎక్కకూడదని అత్త అంటుంది.

యాత్రికులు గోవిందా గోవిందా అంటూ వీధిలో పోతున్నారు. మునిరత్నం లేచి కిటికీ మూసింది.

9 ఫిబ్రవరి

దేవుడున్నాడనడానికి ఎవిడెన్స్ లేదని మద్రాసులోనూ ఇక్కడా ఏళ్ల తరబడి చెబుతున్నాను. అది ఒక మనిషికి మందుగా పనికొస్తుందని ఇవాళే తోచింది. మునిరత్నం పక్కన కూర్చుని చెప్పాను. టైఫాయిడ్ నీళ్ల వల్ల వస్తుంది. మొక్కు తీర్చినవాళ్ల పిల్లలూ పోతున్నారు, అసలు మొక్కనివాళ్ల పిల్లలూ బతుకుతున్నారు. కొండ మీద విగ్రహం ఉంది, కోపగించుకునేవాడు లేడు. నిన్ను ఎవరూ శిక్షించలేదు.

ఎక్కడా తప్పు లేని ఆర్గ్యుమెంట్. చివరిదాకా విన్నది. ఆడ ఎవురూ లేకపోతే నా బిడ్డ ఎవురి కాడ ఉండాడు అని అడిగింది.



10 ఫిబ్రవరి

మజ్జిగ కూడా మానేసింది.

11 ఫిబ్రవరి

డాక్టరు వచ్చి చూశాడు. ఇట్లాగే ఉంటే మనిషి దక్కదన్నాడు.

అత్త నన్ను వరండాలోకి పిలిచింది. నీ సదువు పక్కన పెట్టు నాయనా, దానికి దేవుడుండాల, ఆయనకి కోపం లేదని నువ్వే సెప్పు, నమ్మనోడివి నువ్వు సెబితే అది నమ్ముతాది అన్నది.

12 ఫిబ్రవరి

చెప్పాను. స్వామికి నీ మీద కోపం లేదు, మేనమామ కోసం ఆగడం తప్పు కాదు, బిడ్డ ఆయన దగ్గరే చల్లగా ఉన్నాడు అన్నాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. నిజమేనా అంటే నిజమే అన్నాను. నా మొహం చాలాసేపు చూసింది.

అత్త చారన్నం కలిపి పెట్టింది. తిన్నది. నాకు సంతోషమూ లేదు, సిగ్గూ లేదు.

14 ఫిబ్రవరి

ఇవాళ క్లాసు మధ్యలో కొండ మీది ఆయనను తిట్టాను. లేడని నేనే చెప్పిన ఆయనను. నా బిడ్డను ఎందుకు తీసుకుపోయావని అడిగాను, స్టూడెంట్లంతా వింటుండగా.