యాభై నాలుగు మోడల్ మడ్‌గార్డు

కాటన్‌వుడ్ క్రాసింగ్, సౌత్ డకోటా
1993 మే 3

అయోవాలో పాత ట్రక్కుల విడిభాగాలు అమ్మే దుకాణం వారికి,

మీ కేటలాగు అందింది. మా ఆయన ఆర్లెన్‌కు మార్చిలో గుండె ఆపరేషన్ అయింది. చిన్నా చితకా పనులు చేసుకోవచ్చని డాక్టరు చెప్పినా ఆయన కిటికీ దగ్గర కుర్చీకి అతుక్కుపోయాడు. పలకరిస్తే "ఊఁ" అంటాడు, అంతే. నిన్న మాత్రం నోరు విప్పి, "ఆ ట్రక్కును పాత ఇనుము వాడికి ఇచ్చెయ్" అన్నాడు. నాకన్నా ముద్దుగా చూసుకున్న బండి! నా గుండె ఆగినంత పనయింది.

అందుకే దాన్ని నేనే బాగుచేయిస్తాను. కుడివైపు ముందు మడ్‌గార్డు తుప్పు పట్టి జల్లెడైంది. మీ దగ్గర కొత్తగా చేసినవాటిలో పల్చటి రేకుది, మందపు రేకుది ఉన్నాయి. పాత బండి నుంచి ఊడదీసిందీ ఉంది. ఏది మంచిది? బండి 1954 మోడల్. ఫోటో జతచేశాను.

ఇట్లు,
ట్వైలా బ్రాండ్‌వోల్డ్

తా.క.: ఫోటోలో బండి మీద కూర్చున్నది మా కోడి. అది అమ్మకానికి లేదు.

*

మే 10

ట్వైలా గారికి,

మందపు రేకుదే తీసుకోండి. పల్చటిది తుమ్మితే సొట్టపోతుంది. ఊడదీసిన పాతది అచ్చుగుద్దినట్టు అతుకుతుంది గానీ, మడతల్లో ఎంత తుప్పు దాక్కుందో దేవుడికే తెలియాలి.

అసలు సంగతి వేరే. మీ ఫోటోలో బండి ముందు అద్దం రెండు ముక్కలుగా ఉంది. యాభై నాలుగులో అది ఒకటే ముక్క అయింది. కాబట్టి మీ బండి అంతకన్నా పాతది. యాభై నాలుగు మడ్‌గార్డు మీ బండి ముందుభాగంలో ఉండే ఇనుప జాలీకి కలవనే కలవదు. ఏ సంవత్సరానిదో సరిచూసి రాయండి.

మీ శ్రేయోభిలాషి,
వెస్లీ ఓస్టర్, అమ్మకాల గుమస్తా

తా.క.: కోడి నిజంగానే అమ్మరా? మా ఆవిడ కనుక్కోమంది.

*

మే 15

వెస్లీ గారికి,

సలహాకు సంతోషం. మందపు రేకుదే పంపండి. యాభై నాలుగుదే పంపండి.

ట్వైలా

తా.క.: అద్దం రెండు ముక్కలైతే ఏమైంది? నా కళ్లజోడూ అంతే.

*

జూన్ 1

వెస్లీ గారికి,

మడ్‌గార్డు అందింది. పక్కింటి లావెర్న్ ఒక చెయ్యి వేస్తే బిగించేశాను. జాలీకీ దానికీ మధ్య కోడి దూరేంత సందు! చాలా బాగుంది. ఇక రంగు వేస్తాను. గులాబీ రంగు.

సంతోషంతో,
ట్వైలా

తా.క.: బండిని సరిగ్గా ఆయన కిటికీకి ఎదురుగా నిలిపాను.

*

జూన్ 5

అమ్మా,

మీకు దండం పెడతాను, రంగు వేయకండి. రంగు పడ్డ సరుకు మా దుకాణం వెనక్కి తీసుకోదు. ఇంత సందు పెట్టుకుని "చాలా బాగుంది" అంటున్నారంటే మీరు కోర్టుకు వెళ్లబోతున్నారని మా యజమాని భయం. నేనేం తప్పు చేశాను? సరైనది మా ఖర్చుతోనే పంపుతాం. దయచేసి బండి ఏ ఏడాదిదో చెప్పండి!

మీ వెస్లీ

తా.క.: గులాబీ రంగేమిటమ్మా!

*

జూన్ 9

ఓస్టర్ గారికి,

మీ దుకాణంలో కళ్లున్నవాడు ఒక్కడూ లేడా? యాభై ఒకటి బండికి యాభై నాలుగు మడ్‌గార్డా? కిటికీలోంచి ఆ సందును చూసి చూసి ఒళ్లు మండిపోయింది. ఇక ఆగలేక లేచి బయటికి వెళ్లాను. "ట్వైలా, ఆ పానా ఇలా ఇయ్యి! ఏ గాడిద బిగించాడే దీన్ని?" అని అరిచాను. "నేనే" అని ఆవిడ ఏడుపు లంకించుకుంది. మరీ గట్టిగా అరిచానేమోనని నాకే జాలేసింది.

యాభై ఒకటిది, మందపు రేకుది, వెంటనే పంపండి. ఎడమదీ పంపండి, అదీ వదులైంది. బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. ఎత్తడం లావెర్న్ వంతు, బిగించడం నా వంతు.

ఆర్లెన్ బ్రాండ్‌వోల్డ్

తా.క.: వెస్లీ బాబూ, పోస్టులో వేయమని ఆయన నా చేతికిచ్చాడు కాబట్టి ఇది నేను, ట్వైలాను, రాస్తున్నాను. బండి యాభై ఒకటిదని నాకు మొదటినుంచీ తెలుసు. మా పెళ్లయిన ఏడాదే కొన్నాం. గులాబీ రంగు నేను కొననే లేదు. వంకరగా బిగించినదాన్ని చూస్తూ కూర్చోవడం ఈ మనిషి వల్ల కాదని ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలియదా? ఈ మాట ఆయనతో అనకు. తిట్లు కాస్త నువ్వే భరించు. ఆపరేషన్ అయ్యాక ఆయన నా మీద అరవడం ఇదే మొదటిసారి నాయనా, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.