వార్ధా దాటించిన మనిషి

చంద్రపూర్,
ఫిబ్రవరి 9

ప్రియమైన తాతకు,

మోకాలి నొప్పి ఎలా ఉంది? ఫోనులో నా మాట నీకు సగమే వినిపిస్తుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో, అమ్మకు మాత్రం చెప్పకు. బడిలో నేను చదివింది మరాఠీయే కదా!

మా గ్రంథాలయంలో ఒక పని మొదలుపెట్టాం. రజాకార్ల కాలంలో నిజాం రాజ్యంలోని రాజురా వైపు పల్లెలు విడిచి, సరిహద్దున ఉన్న వార్ధా నది దాటి ఇటు పారిపోయి వచ్చినవాళ్లున్నారు కదా. వాళ్లలో అప్పటి పిల్లల జ్ఞాపకాలు రికార్డు చేస్తున్నాం. పెద్దల పోరాటం పుస్తకాల్లో ఉంది. పిల్లలు ఏం తిన్నారో, దేనికి భయపడ్డారో ఎవరూ అడగలేదు. మొన్న ఒక పెద్దాయన అప్పటి శరణార్థుల శిబిరంలో పెట్టిన పాలపొడి సంగతి చెబుతూ పెదవులు చప్పరించారు. ఆ రుచి ఇంకా నోట్లో ఉందట!

నిన్న అమ్మ అంది, "మీ తాత గూడ గట్లనే వచ్చిండంట. అడిగితే ముచ్చట మారుస్తడు." నిజమా తాతా? నాకెందుకు చెప్పలేదు? కాస్త పెద్ద అక్షరాలతో రాయి.

నీ జవాబు కోసం గేటు దగ్గరే తిరిగే
సాయి ప్రియ

కరీంనగర్,
ఫిబ్రవరి 20

నా బంగారు సాయి ప్రియకు,

చెప్పకపోవడానికి కారణం పెద్దదేం కాదు. నాకు తెలిసిందే తక్కువ. అప్పుడు నాకు ఐదేళ్లు. రజాకార్లు వస్తున్నారని కేక వినబడగానే అమ్మ చెల్లెల్ని చంకనేసుకుని నా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. ఏటి ఒడ్డున జనం తోపులాటలో ఆ చెయ్యి జారిపోయింది.

ఇసుకలో నిలబడి ఏడుస్తున్నాను. ఎవరో ఆడమనిషి వంగి, "ఎక్కు, మెడ గట్టిగ పట్టుకో" అంది. నీళ్లు నా నడుము దాకా వచ్చేసరికి భయంతో ఆమె భుజం కొరికేశాను. కేక వేసింది గానీ వదల్లేదు. అవతలి ఒడ్డున దించి జనంలో కలిసిపోయింది. మర్నాడు అమ్మ దొరికింది.

ఆమె ముఖం గుర్తులేదు. గోడంత వెడల్పు వీపు గుర్తుంది. నా పిల్లల్ని ఎత్తుకున్నప్పుడల్లా ఆమె ఎవరై ఉంటుందా అనుకునేవాణ్ణి. ఇప్పుడు బతికి ఉండదు. వాళ్లింట్లో ఎవరైనా ఈ సంగతి చెప్పుకుంటారేమో కనుక్కో తల్లీ. కొరికిన ముచ్చట మాత్రం ఎవరికీ చెప్పకు.

నీ రాతను చూసి మురిసిపోయిన
తాత భీమారావు

చంద్రపూర్,
మార్చి 28

ప్రియమైన తాతకు,

ఆలస్యమైందని కోపగించుకోకు. ఆదివారాలన్నీ నది వెంట ఊళ్లలోనే గడిచాయి. ఎక్కడికెళ్లినా అందరినీ అడిగేదే అడిగాను. నీ సంగతి ఎత్తలేదు.

కోర్పనా దగ్గర ఒక పల్లెలో రాజక్క అనే అవ్వ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. "ఏరు దాటింది యాదికున్నదా అవ్వా?" అన్నాను.

"ఎందుకు లేదు? ఒక పోరన్ని వీపున ఎక్కించుకొని దాటిన. గాడు నా భుజం కొరికిండు బిడ్డా, కుక్కపిల్ల లెక్క!"

ఎవరా పిల్లాడని ఎలాగో అడిగాను.

"ఎవరికెర్క? ఒడ్డున దించి మా ఊరోళ్లను దేవులాడుకుంట పోయిన. వాని తల్లి దొరికిందో లేదో అని శానా దినాలు రంది పడ్డ."

తాతా, ఆమె నీకంటే ఆరేళ్లే పెద్ద. నిన్ను మోసినప్పుడు ఆమెకు పదకొండేళ్లు!

ఆ పిల్లాడు ఎవరో ఆమెకు నేను చెప్పలేదు. నువ్వే చెప్పాలి. బల్లార్‌పూర్ స్టేషన్లో నిన్ను దించుకుంటాను. వస్తావా?

ఆగలేకపోతున్న
సాయి ప్రియ

కరీంనగర్,
ఏప్రిల్ 14

నా బంగారు సాయి ప్రియకు,

క్షేమంగా చేరాను. "అక్కా, కొరికినోన్ని నేనే" అనగానే రాజక్క నా గడ్డం పట్టుకుని నవ్వడం, ఏడ్వడం నీ రికార్డులో ఉంది. కానీ నువ్వు ఫోను చార్జింగుకు పక్కింటికి వెళ్లినప్పుడు మేం మాట్లాడుకున్నది అందులో లేదు. అందుకే రాస్తున్నాను.

"నువ్వు లేకుంటే నేను లేనక్కా" అని దండం పెట్టాను. నా చేతులు కిందికి లాగేసింది.

"గట్ల అనకు తమ్మీ. మా నాయినను పట్టుకపోయిన్రు. అమ్మ అప్పటికే లేదు. నీళ్లను చూస్తె కాళ్లు రాలే. ఏదైతె అదైతది, ఈడ్నే కూసుంట అనుకున్న. ఊరోళ్లు పిలిచినా లేవలే. నువ్వు పక్కన ఏడుస్తుంటివి. నిన్నెవరు దాటియ్యాలె? అందుకని లేచిన. నువ్వు లేకుంటె నేను ఆ ఒడ్డునే ఉందును."

ఎవరో పెద్దమనిషి నన్ను కాపాడిందని ఇన్నేళ్లూ ధైర్యంగా ఉన్నాను. అక్కడ పెద్దవాళ్లెవరూ లేరు తల్లీ. ఇద్దరం పిల్లలమే.

మరొకటి. పెళ్లిళ్లకో ఆసుపత్రికో పోయేటప్పుడు ఆమె వార్ధా వంతెన మీద బస్సులో కళ్లు మూసుకుంటుందట. సొంతూరికి తిరిగొచ్చాక ఇప్పటిదాకా ఏటి దగ్గరికి పోలేదట. నేను బయల్దేరుతుంటే చెవిలో అంది, "మళ్లొస్తె ఏటికి పోదాం తమ్మీ. ఒక్కదాన్నయితె పోలేను."

వచ్చే నెల వస్తున్నాను. ఎండలకు నీళ్లు పాదాలు మునిగేంతే ఉంటాయి. ఆమె పక్కనే నడుస్తాను.

మీ తాత, రాజక్క తమ్ముడు
భీమారావు