జియ్నత్ మీద నేనిచ్చిన ఫిర్యాదు అబద్ధమని తెలుపుకొనుట

ప్రధాన వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కిరణ చికిత్స విభాగపు ఆపరేటరు జియ్నత్‌పై నా ఫిర్యాదును రద్దుపరచి, ఆమెను తిరిగి యంత్రం వద్ద నియమించుట గురించి.

కారా-బల్తా బజారులో నాలుక కింద పెట్టుకొను నస్వాయ్ పొగాకు అమ్ముకొను మమసాలి అను నేను విన్నవించుకొనునది:

1. నా తమ్ముడు ఎర్గేష్‌కు నాలుక కింద కాన్సరు. తమ ఆసుపత్రిలో కిరణాలు పెట్టుచున్నారు. ముఖానికి అచ్చుపోసిన మాస్కు బిగించి, ముందు ఫొటో తీసి, గడ్డ మీదనే కిరణం పడునని సరిచూచుకొనిన పిమ్మటనే యంత్రం నడిపెదరు. ప్రతిరోజూ ఇంతే. ఇది నాకు ఇప్పుడు తెలుసు.

2. గత సోమవారం ఉదయం డాక్టరుగారు ఎర్గేష్‌ను, "నస్వాయ్ ఎక్కడ కొనేవాడివయ్యా?" అని అడిగినారు. నేను పక్కనే ఉన్నాను. వాడు నావైపు చూడకుండా, "బజార్లోనండీ" అన్నాడు. వాడు ఏనాడూ కొనలేదు. నా కొట్లోంచే తీసుకెళ్ళేవాడు.

3. ఆ తరువాత జియ్నత్ ఫొటో చూసి యంత్రం ఆపివేసినది.

"అన్నా, ఈయన బాగా చిక్కిపోయాడు. మాస్కు వదులై తల కదులుతోంది. ఇలాగే వేస్తే వెన్నుపాముకి తగులుతుంది. కొత్త మాస్కు చెయ్యాలి."

"ఎన్నాళ్ళు?"

"కొన్నాళ్ళు ఆగాలి."

"ఈలోగా వాడు పోతే నువ్వు తెచ్చిస్తావా? ఎంత కావాలో నోరు తెరిచి అడుగు!" అని వరండాలో అందరి ముందు కేకలు వేసితిని. ఆమె ఏమీ అడగలేదు. అయినను లంచం అడిగినదని తమకు వ్రాసి ఇచ్చితిని. తాము ఆమెను కింద చీటీల కిటికీ దగ్గర కూర్చుండబెట్టితిరి.

ఆ రోజు ఎవరినో ఒకరిని తిట్టకపోతే నేను నిలబడలేకపోయేవాణ్ణండీ. ఎదురుగా ఆ పిల్ల ఉంది.

4. తరువాత డాక్టరుగారు రెండు ఫొటోలు ఒకదానిమీద ఒకటి పెట్టి చూపించినారు. "ఆ అమ్మాయి ఆపబట్టి బతికాడు, లేకపోతే కాళ్ళూ చేతులూ పడిపోయేవి" అన్నారు.

5. ఎర్గేష్ నాతో మాట్లాడుట లేదు. గొంతు నొప్పివల్ల కాబోలనుకున్నాను. నర్సులతో మాట్లాడుతున్నాడు.

కావున తాము ఈ మనవి ఆలకించి, చర్య తీసుకొనదలచినచో అబద్ధం వ్రాసిన నాపైననే తీసుకొనవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
మమసాలి

తా.క.: ఇవాళ కొత్త మాస్కు పోస్తుంటే ఎర్గేష్ భయపడి తల విదిలించాడట. జియ్నత్ భోజనం వదిలేసి పైకొచ్చి, వాడి చెయ్యి పట్టుకుని నిలబడిందట. అనుమతి లేకుండా వచ్చిందని సంజాయిషీ అడుగుతారంటున్నారు. వద్దండీ. బయటికొస్తూ నన్ను చూసి ఆగింది. "మాస్కు బాగా కుదిరింది. షోర్పో, అదే మాంసం చారు, పలచగా కాచి, చల్లార్చి పట్టండి" అంది. నేను సరేనని తలాడించాను. తప్పు ఒప్పుకుందామని ఆమె కిటికీ దగ్గరికి రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ చీటీ తీసుకుని తిరిగొచ్చానండీ.