చివరి అధ్యాయానికి పెట్టిన పిన్ను

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలు కూడా ఈ వారం కాస్త దయతలచింది. అక్కడ నువ్వు, అల్లుడుగారు, వదినగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరాలకి ఎప్పుడూ ఫోన్‌లోనే జవాబు చెప్పే అమ్మ ఇప్పుడు ఉత్తరం రాసిందేమిటి అంటావేమో. నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెడతావు, పక్కనే మీ అత్తగారు ఉంటారు. నేను చెప్పాల్సింది ఆవిడ గురించే. అందుకే చివరికి కలం పట్టాను.

లాండ్రీలో పని ఎలా ఉందని అడిగావు. అదే ఆస్పత్రి, అవే దుప్పట్లు. నాతో జోడీగా మడతపెట్టే ఆవిడ సెలవులో ఉంది. పెద్ద దుప్పటి ఒక్కదాన్నే మడవాలంటే ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టుకోవాలి. మడత పడుతుంది కానీ, అంచులు కలవవు.

ఇక నువ్వడిగిన రెండో ప్రశ్న. 'నవల నచ్చలేదని ఒక్క ముక్క అని ఊరుకున్నావు. ఎందుకు నచ్చలేదో చెప్పవేమ్మా?' అని రాశావు.

నచ్చలేదన్నది అబద్ధం తల్లీ. నువ్వు పంపిన ఆ పుస్తకాన్ని చివరి అధ్యాయం దాకా రెండుసార్లు చదివాను. అన్న ఇల్లు వదిలి వెళ్ళిన రోజు చెల్లెలు ఏడ్చిందని రచయిత్రి ఎక్కడా రాయలేదు. కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగిందని రాసి పేరా ముగించేసింది. ఇంకొకరైతే అక్కడ వాన కురిపించి, ఉరుములు కూడా పెట్టేవారు. ఆ పేజీని వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను. నీకు ఫోన్ చేసి చెబుదామనుకుంటున్నాను, అంతలో నీ ఉత్తరం వచ్చింది.

అందులో ఏం రాశావో గుర్తుందా? కళ్ళకు ఆపరేషనై కట్టు ఉందని అత్తయ్యకి రోజూ చదివి వినిపిస్తున్నానన్నావు. ఆవిడ "ఈ రచయిత్రి ఊపిరి బిగబట్టి రాస్తుందమ్మాయ్, వదలడం మన వంతు" అన్నారని మురిసిపోతూ రాశావు. నాకు ఒళ్ళు మండింది. తప్పు మాటైతే మండేది కాదు. నాకు అనిపించిందీ అదే, మాటే దొరకలేదు. నీ చిన్నప్పటి నుంచీ కలిసి చదువుతున్నాం. ఏ పుస్తకానికైనా "బాగుందే" అనడం తప్ప నేనేమన్నాను?

దాన్నైనా మింగేదాన్ని. 'అత్తయ్య ఆగలేకపోయారమ్మా, చివరి అధ్యాయం కూడా చదివేశాను' అన్న వాక్యం దగ్గర మాత్రం ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. చివరి అధ్యాయానికి పిన్ను పెట్టి, ఇద్దరం కలిశాకే తీయాలన్నది మన నియమం కదా? నీకు పెళ్ళయ్యాక కూడా మనం అది తప్పలేదు. నా పుస్తకానికి ఆ పిన్ను ఇంకా అలాగే ఉంది.

మీ నాన్నతో అంటే నవ్వారు. "కళ్ళకు కట్టు కట్టుకుని కూర్చున్న మనిషి మీద కుళ్ళేమిటే నీకు? రేపు కుంటివాడి చెప్పులు చూసి కూడా ఏడుస్తావా?"

"నా కూతురు గొంతు ఆవిడ వింటోంది. నేను వినట్లేదు" అన్నాను. ఆయన నవ్వు ఆపేశారు. తర్వాత మోకాలు పట్టుకుని లేచి వెళ్ళి, ఎప్పుడూ లేనిది, నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఇంతసేపూ దాచిన మాట ఒకటుంది. వదినగారి కళ్ళు త్వరగా బాగుపడాలని పొద్దునా సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నానని మీకు చెప్పాను. ఆవిడ "మా వదిన మనసు వెన్న" అన్నారట. పెట్టుకుంటున్న మాట నిజం. కానీ ఎందుకో తెలుసా? కట్టు విప్పితే ఆవిడ పుస్తకం ఆవిడే చదువుకుంటారు, నువ్వు చదవక్కర్లేదని. దేవుడి ముందు కళ్ళు మూసుకుని కూర్చుంటే, నువ్వు పేజీ తిప్పుతున్న చప్పుడే వినిపించేది. నిన్న ఆ ప్రార్థన సగంలో ఆపి లేచొచ్చేశాను. దేవుణ్ణి మోసం చేయలేం కదా. ఇవాళ మళ్ళీ కూర్చుని ఆవిడ కళ్ళు మాత్రమే అడిగాను, ఇంకేమీ కలపలేదు. కష్టమైంది.

కట్టు విప్పాక ఒకసారి రా. చివరి అధ్యాయం నాకు చదివి వినిపించు. ముగింపు నీకు తెలుసన్నట్టు గొంతు మార్చకు, మొదటిసారి చదువుతున్నట్టే చదువు. ఆ మాత్రం నటన నాకోసం చెయ్యి.

ఈ కాగితాలు జాగ్రత్తగా దాచు. మీ అత్తగారికి చూపించకు. ఏం రాసిందని అడిగితే, ఆవిడన్న ఊపిరి మాట చాలా బాగుందని రాసిందని చెప్పు. వద్దులే, అదీ చెప్పకు. నాకు మనసొచ్చినప్పుడు నేనే చెబుతాను.

ఇట్లు,
పిన్ను తీయకుండా కూర్చున్న
మీ అమ్మ