ఉల్లిపాయల కాటా మీద భవాని

తాడేపల్లిగూడెం,
4-3-2007

డాక్టరు గారికి నమస్కారమండి.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటు వాళ్ళు కొట్టేశాక పని లేక ఇక్కడికొచ్చేశామండి. మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుతున్నాను.

ఆరు నెలలకోసారి మీరు తూచే పిల్లల్లోంచి ఏడేళ్ళ మా భవాని పేరు, ఊళ్ళో లేదని తీసేశారని అంగన్‌వాడీ టీచరు గారు చెప్పారు. మిగిలిన పిల్లలు బరువు పెరిగారు కాబట్టి, చెరువులు పోయినా పిల్లలకి లోటు రాలేదని మీరు పైకి రాస్తున్నారట.

గడిచేవాళ్ళే ఊళ్ళో మిగిలారండి. గడవనివాళ్ళం వచ్చేశాం.

నిన్న భవానిని ఉల్లిపాయల కాటాలో గోనె పరిచి కూర్చోబెట్టి తూచాను. గోనె బరువు తీసేస్తే పద్నాలుగు కిలోలు. పోయినేడాది మీరు తూచినప్పుడు పదిహేను. ఈ బరువు కూడా కలిపి చూసి, అప్పుడు రాయండి, లోటు రాలేదని.

మీ పుస్తకంలో నూట పద్దెనిమిదో నంబరు పిల్ల తల్లి